‘వాళ్ళకు అలవాటే’: పాత ఇల్లు కూల్చే ముందు రాసుకోవాల్సిన కాగితం

కూల్చివేత అనగానే మనకు బుల్డోజర్ గుర్తొస్తుంది. చెప్పాపెట్టకుండా బస్తీ మీదికి వచ్చిన యంత్రం, రోడ్డు మీద పడ్డ గిన్నెలు, ఏడుస్తున్న పిల్లలు. అధికారులు ఇళ్ళు కూల్చాలంటే ముందుగా కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ జ్ఞాపకం ఎంత పచ్చిగా ఉందో అర్థమవుతుంది. రోడ్లు, చెరువుల వంటి చోట్ల ఉన్న కట్టడాలకు ఆ రక్షణ కూడా పూర్తిగా లేదు.

ఈ వ్యాసం అలాంటి కూల్చివేత గురించి కాదు. మన ఇంటిని మనమే, మన డబ్బుతో, ఒక కాంట్రాక్టర్‌ని పిలిచి కూల్పించుకునే సందర్భం గురించి. మన కాలనీల్లో ఒకప్పుడు ప్రభుత్వం కట్టించి ఇచ్చిన ఒకటిన్నర గదుల ఇళ్ళు ఇప్పుడు పెచ్చులూడుతున్నాయి. చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మొదటి తరం పిల్లలు వాటి స్థానంలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. అది సంతోషించాల్సిన విషయమే. కానీ పాత ఇల్లు కూలే ఆ నాలుగైదు రోజుల్లో కొన్ని ప్రాణాలు, కొన్ని హక్కులు గాల్లో వేలాడుతుంటాయి. వాటి గురించి మనం కూడా అడగడం లేదు.

మాకు ఈ సంగతి తెలిసింది లైబ్రరీలో కాదు, మా ఇంటి ముందే. రంగారెడ్డి జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీలోని ఎస్సీ కాలనీలో మా నాన్న కట్టించిన ఇల్లు ఉంది. కిందటి ఎండాకాలం దాన్ని తీయించాలనుకున్నాం. వచ్చిన కాంట్రాక్టర్ ఇల్లంతా తిరిగి, తలుపులు కొట్టి చూసి, మెట్ల దగ్గర ఇనుప చువ్వ మందం చూసి, ఒక చిట్టీ మీద నాలుగు గీతల్లో లెక్క రాసిచ్చాడు. వెనక పెరట్లో ఉన్న సెప్టిక్ ట్యాంక్ సంగతేమిటని అడిగాం. “దాని గురించి మీరు ఫికర్ చెయ్యకండి సార్, మా మేస్త్రీ మనుషుల్ని దింపుతాడు. వాళ్ళకు అలవాటే” అన్నాడు.

వాళ్ళంటే ఎవరో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు. ఎస్సీ కాలనీలో నిలబడి, ఎస్సీ ఇంటి యజమానితో ఆ మాట అంత మామూలుగా అనగలిగాడంటే ఆయన ఒక్కడినే తప్పు పట్టి లాభం లేదు. ఎవరు చేయాలి, ఎవరికి ఏమీ కాదు అని ముందే నిర్ణయించి పెట్టిన ఏర్పాటు ఒకటుంది. దాని పేరు మనందరికీ తెలిసిందే.

ఆ చిట్టీని పక్కన పెట్టి మేము మళ్ళీ మొదటి నుంచి తెలుసుకున్న విషయాలు ఇక్కడ రాస్తున్నాం. ఇల్లు తీయించేవాళ్ళకూ, అడ్డా కూలీలతో పనిచేసే కార్యకర్తలకూ, ఈ రంగం మీద పరిశోధన చేద్దామనుకునే విద్యార్థులకూ ఉపయోగపడతాయని.

డబ్బు ఎటు నుంచి ఎటు పోతుంది

ఇల్లు కూల్చే వ్యాపారంలో ఒక విచిత్రం ఉంది. కొన్నిసార్లు మనం కాంట్రాక్టర్‌కి డబ్బిస్తాం, కొన్నిసార్లు ఆయనే మనకు ఇస్తాడు. ఇంట్లో మళ్ళీ అమ్ముడుపోయే సామాను ఎంతుందన్నదాన్ని బట్టి అది తేలుతుంది. టేకు ద్వారబంధాలు, కిటికీలు, దూలాలు, గ్రిల్స్, స్లాబులోని ఇనుము, షాబాద్ బండలు, పగలకుండా వచ్చే ఇటుక, అన్నిటికీ పాత సామాన్ల దుకాణాల్లో ధర ఉంది. పాత హైదరాబాద్ ఇళ్ళలో కలప ఎక్కువ కాబట్టి కాంట్రాక్టర్లు పోటీపడి ఎదురు డబ్బిస్తారు. మన కాలనీ ఇళ్ళలో ఉండేది రెండు సిమెంటు చట్రాలు, నాలుగు రేకు తలుపులు, సన్న చువ్వల స్లాబు. అందుకే మనమే ఎదురు కట్టాల్సి వస్తుంది.

కాంట్రాక్టర్ లెక్క ఇది: మన దగ్గర తీసుకున్నది, సామాను అమ్మితే వచ్చేది కలుపుకుని, అందులోంచి జేసీబీ లేదా బ్రేకర్ కిరాయి, ట్రాక్టర్ ట్రిప్పులు, కూలీ తీసేస్తే మిగిలింది ఆయన లాభం. యంత్రం కిరాయి తగ్గదు, డీజిల్ ధర తగ్గదు. కాబట్టి రేటు తగ్గించమని మనం పట్టుబడితే ఆ తగ్గింపు రెండు చోట్ల నుంచే వస్తుంది. ఒకటి, కూలీల సంఖ్యా వాళ్ళ రక్షణా. రెండు, శిథిలాలు పారబోసే దూరం. ‘అతి తక్కువకు ఒప్పుకున్నాడు’ అని మనం సంతోషపడే ప్రతిసారీ ఆ రెండిట్లో ఏదో ఒకటి కోతపడినట్టే.

కూలీలు కాంట్రాక్టర్ మనుషులు కారు. ఆయన మేస్త్రీకి చెప్తాడు, మేస్త్రీ పొద్దున్నే అడ్డాకు పోయి కావలసినంతమందిని ఎక్కించుకొస్తాడు. పాలమూరు నుంచి దశాబ్దాలుగా వలస వచ్చిన కుటుంబాలు, ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన యువకులు, ఊళ్ళో భూమి లేని మాదిగ, మాల, వడ్డెర, ఆదివాసీ ఇళ్ళ మనుషులు అక్కడ కనిపిస్తారు. సమ్మెట, గడ్డపార మగవాళ్ళ చేతుల్లో, తట్ట ఆడవాళ్ళ నెత్తి మీద. ఒకే గోడ, ఒకే దుమ్ము. ఆడకూలి మాత్రం తక్కువ. సమాన పనికి సమాన వేతనమని 1976 చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతన కోడ్ కూడా చెప్తోంది. అడ్డా మీద ఆ మాట ఇంకా చేరలేదు.

మొదట ట్రంకు పెట్టె తెరవండి

గోడ మీద మొదటి దెబ్బ పడకముందు చేయాల్సిన పని ఒకటుంది. పాత సామాను కొనేవాడికి ఇల్లు ఖాళీ చేసి ఇచ్చేటప్పుడు, తుప్పుపట్టిన ట్రంకు పెట్టెను తూకానికి వేయకండి. మన ఇళ్ళలో రుజువులన్నీ అందులోనే ఉంటాయి. ఇంటి స్థలం పట్టా, తాతకు వచ్చిన అసైన్డ్ భూమి కాగితం, పాత కుల ధ్రువీకరణ పత్రం, నాన్న బడి టీసీ, ఇంటి పన్ను రశీదులు. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం కింద, చేతులు మారిన భూమిని తిరిగి అడగాలన్నా మొదట ఆ భూమి మన కుటుంబానికి ఇచ్చారని చూపించే కాగితం కావాలి. సంఘం పాత కరపత్రాలు, సభల ఫొటోలు ఉంటే అవి మన చరిత్ర. వాటికి తూకం కట్టేవాడు లేడు.

ఇంకో విషయం. కాలనీ ఇళ్ళలో చాలావాటికి రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు, పట్టా ఉంటుంది. కొన్నిటికి అదీ ఉండదు. అలాంటి చోట ఇల్లు నిలబడి ఉండటమే మన స్వాధీనానికి పెద్ద సాక్ష్యం. దాన్ని కూల్చామంటే ఆ సాక్ష్యాన్ని మన చేత్తో తీసేసినట్టే. అందుకే కూల్చే ముందు ఇంటి నంబరు కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు తీయండి. తాజా ఇంటి పన్ను, కరెంటు బిల్లు కట్టిన రశీదులు దగ్గర పెట్టుకోండి. కొలతలు రాసి, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు తీసుకోండి. కొత్త ఇంటి అనుమతి చేతికొచ్చాకే పాత ఇల్లు ముట్టుకోండి. ఖాళీ అయిన స్థలం మీద ‘ఇది ప్రభుత్వ భూమి’ అని బోర్డు పెట్టడం తేలిక, మనిషి ఉంటున్న ఇంటి మీద పెట్టడం కష్టం.

సెప్టిక్ ట్యాంక్: చట్టం ఇంటి యజమానిని కూడా అడుగుతుంది

ఇప్పుడు ఆ ‘అలవాటే’ దగ్గరికి వద్దాం. పాత ఇల్లు తీస్తున్నామంటే సెప్టిక్ ట్యాంకో, రింగుల గుంతో బయటపడుతుంది. కొత్త పునాది దాని మీదుగా పోతుంది కాబట్టి దాన్ని ఖాళీ చేసి పూడ్చాలి. ఏళ్ళ తరబడి మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ చేరతాయి, ప్రాణవాయువు తగ్గిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు పనిచేయదు, వాసన తెలియదు. వాసన రావట్లేదు కాబట్టి ప్రమాదం లేదనుకుని దిగుతారు. మొదటి మనిషి పడిపోతే రక్షించడానికి రెండో మనిషి దిగుతాడు. మన పత్రికల్లో ‘ఇద్దరు మృతి’, ‘ముగ్గురు మృతి’ అని వచ్చే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఇదే వరస.

2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ, పునరావాస చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం మురుగు కాలువ గానీ, సెప్టిక్ ట్యాంక్ గానీ ప్రమాదకరంగా శుభ్రం చేయడానికి ఏ వ్యక్తీ, ఏ సంస్థా నేరుగా గానీ పరోక్షంగా గానీ మనిషిని పెట్టకూడదు. ‘ఏ వ్యక్తీ’ అన్న మాటలో ఇంటి యజమాని ఉన్నాడు. ‘పరోక్షంగా’ అన్న మాటలో ‘మా మేస్త్రీ చూసుకుంటాడు’ అన్న ఏర్పాటు ఉంది. మొదటిసారి నేరానికి రెండేళ్ళ వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు జైలు లేదా రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, బెయిలు హక్కుగా రాని నేరం.

చట్టంలో ఒక లొసుగు కూడా ఉంది. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని దించితేనే దాన్ని ‘ప్రమాదకర శుభ్రత’ అంటుంది. పరికరాలిచ్చి దించవచ్చన్న దారి అలా మిగిలిపోయింది. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు మాట్లాడే దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరులు సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా కోర్టుల్లోనూ వీధుల్లోనూ చేసిన పోరాటం అసలు మనిషి దిగనే కూడదన్న దిశగా సాగింది. ఆ సంస్థ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు పనుల్లో చనిపోయినవారి కుటుంబాలకు రూ.10 లక్షల చొప్పున పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబర్ 20న మరో కేసులో ఆ మొత్తాన్ని రూ.30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యానికి రూ.20 లక్షలు, మిగతా వైకల్యాలకు రూ.10 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని చెప్పింది.

ఎస్సీ, ఎస్టీ వ్యక్తులతో చేతులతో మలం ఎత్తించడం, అలాంటి పనికి పెట్టడం అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరమే. 2015 సవరణతో చేర్చిన ఈ అంశం 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మేస్త్రీ ఏ కులం వాడైనా, పని చేయించుకునే యజమాని ఏ కులం వాడైనా మన వైపు నుంచి ఆ పనికి ఒప్పుకోకూడదు. మన ఇంటి కోసం మనవాడే దిగడం ఇంకా దుర్మార్గం.

మరి ఎలా చేయాలి? కూల్చే పని మొదలవకముందే ట్యాంకును వ్యాక్యూమ్ లారీతో ఖాళీ చేయించాలి. హైదరాబాద్ పరిధిలో జలమండలి 155313 నంబరుకు చేయొచ్చు. మురుగు పనుల ఫిర్యాదులకూ, సేవలకూ 14420 ఉంది. మిగతా చోట్ల మున్సిపాలిటీని అడగాలి. ఖాళీ అయ్యాక మూతలు తీసి గాలాడనివ్వాలి, చుట్టూ అడ్డు కట్టాలి. తర్వాత పైకప్పు బయటి నుంచి యంత్రంతో పగలగొట్టి, ఇటుక ముక్కలు, మట్టితో బయటి నుంచే పూడ్చాలి. అడుగున కొంత మడ్డి మిగిలిందని ఎవరినీ దించకూడదు. దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు, మీథేన్ అంటుకుంటుంది. ఈ మొత్తానికి మాకు ఒక పూట, లారీ కిరాయి అదనంగా పట్టాయి. అంతే.

చట్టం చూపు ఆనని చోటు

కూల్చివేత కూడా నిర్మాణ పనే. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం నిర్వచనంలోనే కూల్చివేత ఉంది. కానీ ఆ చట్టం 10 మంది, అంతకు మించి పనివాళ్ళున్న చోట వర్తించేది. సొంత నివాసం కోసం రూ.10 లక్షల లోపు ఖర్చుతో చేసుకునే పనిని వదిలేసింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో, వృత్తి భద్రతకు సంబంధించిన కోడ్ ఆ హద్దును రూ.50 లక్షలకు పెంచింది. 10 మంది లోపు పనివాళ్ళున్న చోటును కూడా బయటే ఉంచింది. ఒక మామూలు ఇల్లు కూల్చడానికి వచ్చేది ఐదారుగురు. అంటే హెల్మెట్ నుంచి తాగునీటి దాకా ఆ చట్టం చెప్పే ఏ రక్షణా వాళ్ళకు చేరదు. పెద్ద మాల్ కూల్చే కూలీకి ఉన్న హక్కు, మన వాడలో గోడ కూల్చే కూలీకి లేదు.

పరిహారం సంగతీ అంతే చిక్కు. 1923 నాటి పరిహార చట్టం, తర్వాత అదే అంశాన్ని తనలో కలుపుకున్న సామాజిక భద్రత కోడ్, పనిలో చనిపోయిన మనిషి కుటుంబానికి ఒక లెక్క ప్రకారం డబ్బు రావాలంటాయి. 1923 చట్టంలో 2020 నుంచి ఉన్న లెక్క చూడండి. నెల వేతనాన్ని గరిష్ఠంగా రూ.15,000గా తీసుకుంటారు. అందులో సగాన్ని వయసును బట్టి ఉండే సంఖ్యతో గుణిస్తారు. 30 ఏళ్ళ మనిషికి ఆ సంఖ్య 207.98. అంటే రూ.15,59,850. ఇది దయ కాదు, బాకీ. ఎవరి బాకీ? యజమాని తన వ్యాపారంలో భాగంగా పనిని కాంట్రాక్టుకిస్తే ఆయన్ని కూడా బాధ్యుణ్ణి చేసే నిబంధన ఉంది. సొంత ఇల్లు కూల్పించుకోవడం మనకు వ్యాపారం కాదు. కాబట్టి భారం కాంట్రాక్టర్ మీదే పడుతుంది. ఆయనేమో ‘నాకు సంబంధం లేదు, మేస్త్రీ తెచ్చాడు’ అంటాడు. మేస్త్రీ దగ్గర ఏమీ ఉండదు. చనిపోయిన మనిషి ఆ రోజు ఆ ఇంట్లో పనిచేశాడని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. ఆసుపత్రి దగ్గర అంత్యక్రియలకని ఎంతో కొంత చేతిలో పెట్టి ఊరికి పంపేస్తారు.

మా చిన్నాయన చాలా ఏళ్ళు అడ్డా మీద నిలబడిన మనిషి. మేము కూలీల పేర్లు రాయాలంటుంటే ఇంట్లో మిగతావాళ్ళు “ఇంత చిన్న పనికి కాగితాలేంది” అన్నారు. ఆయన ఒక్కడే మా వైపు మాట్లాడాడు. “ఎన్ని ఇండ్లు కూలగొట్టిన్నో లెక్క లేదు బిడ్డా. ఒక్క ఇంటోడు గూడ నీ పేరేందని అడగలే. కాగితం మీద పేరు లేనోడు సచ్చినా లెక్కల రాడు.”

అందుకే పేర్ల పట్టిక మర్యాద కోసం కాదు, సాక్ష్యం కోసం. రోజూ పని మొదలయ్యే ముందు వచ్చిన ప్రతి మనిషి పేరు, వయసు, ఊరు, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రాయండి. ఒక ఫొటో తీయండి. కింద కాంట్రాక్టర్‌తో సంతకం పెట్టించండి. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఎవరికి ఉందో అడగండి. 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు నమోదు కావచ్చు, కూల్చే పని చేసేవాళ్ళు కూడా. కార్యకర్తలు అడ్డాల దగ్గర చేయదగిన పని ఇది. ఆ 90 రోజులు రుజువు చేయడానికి మనం రాసిన పట్టిక కూడా అక్కరకొస్తుంది. ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ప్రమాదంలో చనిపోతే రూ.2 లక్షలు వస్తాయి. అది పరిహారానికి బదులు కాదు, కానీ కూలీకి బ్యాంకు ఖాతా ఉంటే చేయించడానికి అర గంట చాలు.

పై నుంచి కిందికి, తడిపి

కూల్చడానికి ఒక వరస ఉంది. భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 4130 అన్న భద్రతా నియమావళి 1991 నాటిది. దాని సారాంశం తేలిక. ముందు కరెంటు, నీళ్ళు, గ్యాస్ కనెక్షన్లు తీసెయ్యాలి. తర్వాత పై నుంచి కిందికి, ఒక్కో అంతస్తు చొప్పున, కట్టిన వరసకు ఎదురు వరసలో విప్పాలి. పిట్టగోడ, స్లాబు, దూలం, గోడ, ఆఖర్న పునాది.

వాస్తవంలో జరిగేది వేరు. సమయం కలిసొస్తుందని గోడ అడుగున ఇటుకలు తీసి, తాడు కట్టి లాగుతారు. గోడ ఎటు పడాలో గోడే నిర్ణయిస్తుంది. స్లాబు కింద మనుషులుండగానే పైన బ్రేకర్ నడుపుతారు. ఈ రెండూ మన స్థలంలో జరగకూడదని ముందే చెప్పాలి, కాగితం మీద రాయాలి. పక్కింటి గోడ మన గోడతో కలిసి ఉంటే ఆ భాగాన్ని యంత్రంతో కాక చేత్తో నిదానంగా తీయించాలి.

దుమ్ము సంగతి ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అది వెంటనే చంపదు. ఇటుక, కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. నీళ్ళు చల్లుతూ కూలిస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. డ్రమ్ము, పైపు పెట్టడం మన చేతిలోని పని. మొహానికి కట్టుకునే తువ్వాలు సన్నని పొడిని ఆపలేదు, మంచి మాస్కులు ఇవ్వాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ కూ క్యాన్సర్ కలిగించే గుణం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ రేకుల్ని సమ్మెటతో పగలగొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండా దించాలి. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులోనే 1995లో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని తేల్చింది. పాత వైర్లలోని రాగి కోసం వాటిని అక్కడే కాల్చడానికీ ఒప్పుకోకండి. ఆ పొగ ముందు పోయేది పక్కింటి పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి.

శిథిలాలు ఎవరి వాడ పక్కన పడతాయి

ఇక్కడ మేము చేసిన పొరపాటు చెప్పాలి. ట్యాంకు గురించి, పేర్ల గురించి జాగ్రత్తపడ్డాం. మట్టి, రాయి ఎక్కడికి పోతోందో అడగలేదు. మూడో రోజు ట్రాక్టర్ వెంట బండి మీద వెళ్తే, రెండు కిలోమీటర్ల అవతల ఒక కుంట గట్టున మా ఇంటి గోడలు కనిపించాయి. మా వంటగదికి వేసిన నీలం రంగు ఇంకా పోలేదు. ఆ కుంటను ఆనుకుని ఉన్నది మరో ఎస్సీ వాడ. వానొస్తే ఆ నీళ్ళు ఎటు పోతాయో చెప్పనక్కర్లేదు. ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

ఊరికి కింది వైపు, చెరువు వెనక, డంపింగ్ యార్డు పక్కన, ఎవరూ అడగని చోట ఏ వాడలుంటాయో మనకు తెలుసు. ట్రాక్టర్ డ్రైవర్‌కీ తెలుసు. ఆ స్థలాలు ‘ఖాళీగా’ కనిపించడం కూడా ఆ ‘అలవాటే’ లాంటి మాటే.

నియమాలు లేక కాదు. 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలు వేరుచేసి, రోడ్డు మీదా కాలువలోనూ పడకుండా, నిర్దేశించిన చోటికి చేర్చే బాధ్యతను వ్యర్థం తయారు చేసినవాళ్ళ మీదే పెట్టాయి. ఆ చోటు చూపించే బాధ్యత స్థానిక సంస్థది. వాటి స్థానంలో 2025లో ప్రకటించిన కొత్త నియమాలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఈ వ్యర్థాలను ఇసుక, కంకర, పేవర్ బ్లాకులుగా మార్చే ప్లాంట్లున్నాయి. అక్కడికి పోవాలంటే దూరం, డీజిల్, తూకం. కుంట గట్టుకైతే ఏమీ అక్కర్లేదు.

రెండు దారులున్నాయి. మొదటిది, బయటికి పోయేదాన్నే తగ్గించడం. పగిలిన ఇటుక, కాంక్రీటు ముక్కల్ని కొత్త ఇంటి బేస్‌మెంట్ నింపడానికి వాడుకోవచ్చు. ముందే మీ మేస్త్రీతో మాట్లాడితే సగం ట్రిప్పులు మిగలొచ్చు. రెండోది, చివరి వాయిదా డబ్బును ప్లాంటు తూకం రశీదుతో ముడిపెట్టడం. ప్లాంటు లేని పట్టణంలో మున్సిపాలిటీ చూపించిన స్థలం పేరు రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్ళు చూపించలేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. విద్యార్థి మిత్రులకు అది మంచి పరిశోధన ప్రశ్న కూడా: మీ పట్టణంలో కూలిన ఇళ్ళన్నీ ఎక్కడికి పోయాయి?

ఆ కాగితంలో ఏముండాలి

మొదటి కాంట్రాక్టర్ మా షరతులు విని “ఇవన్నీ పెడితే ఎవడూ రాడు సార్” అని వెళ్ళిపోయాడు. రెండో ఆయన గంటసేపు వాదించి ఒప్పుకున్నాడు. మేము రెండు పేజీల్లో రాసుకున్నది, ఆ తర్వాత తప్పు తెలుసుకుని చేర్చుకున్నది కలిపి ఇక్కడ ఇస్తున్నాం.

కాంట్రాక్టర్ పూర్తి పేరు, చిరునామా, గుర్తింపు కార్డు నకలు. యంత్రానికి బీమా ఉందో లేదో.

ఏ సామాను ఎవరిది. తలుపులు, చువ్వలు, ఇటుకలు విడివిడిగా జాబితా.

సెప్టిక్ ట్యాంకులోకి, గుంతలోకి ఏ మనిషినీ దించనని హామీ. వ్యాక్యూమ్ లారీ ఖర్చు ఎవరిదో స్పష్టంగా.

కూల్చే వరస పై నుంచి కిందికి. నీళ్ళు చల్లడం, హెల్మెట్లు, బూట్లు, మాస్కులు. తాగునీరు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఏర్పాటు.

రోజువారీ పేర్ల పట్టిక. 18 ఏళ్ళ లోపు వాళ్ళు ఉండకూడదు. ఆడా మగా తేడా లేని కూలి, ఏ రోజుది ఆ రోజే, మన ఎదుట.

ప్రమాదం జరిగితే ఆసుపత్రి ఖర్చు, చట్టప్రకారం పరిహారం కాంట్రాక్టర్ బాధ్యత అన్న వాక్యం.

శిథిలాలు చేరాల్సిన చోటు పేరు. చివరి వాయిదా తూకం రశీదు చూపించాకే.

ఇది తెల్ల కాగితం మీద రాసినా సరే, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉంటే రేపు పోలీస్ స్టేషన్‌లోనో లేబర్ ఆఫీసులోనో మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది. చట్టం వదిలేసిన ఐదారుగురు మనుషులకు మన ఒప్పందమే ఆ నాలుగు రోజుల చట్టం.

ఖర్చు పెరగదా అంటే, పెరుగుతుంది. మాకూ పెరిగింది. ఆ పెరిగినది కొత్త ఇంటి ఖర్చులో ఒక తలుపంత కూడా లేదు. ఆ తేడా ఇన్నాళ్ళూ ఎవరి ఒంటి మీద నుంచి తీశారో ఇప్పుడు అర్థమైంది.

కుంట గట్టున పడ్డ మట్టిని మళ్ళీ రెండు ట్రిప్పుల్లో ఎత్తించాం. అంతా రాలేదు. అడుగున కొంత నీలం పెచ్చు ఇంకా ఆ నీళ్ళ పక్కనే ఉంది. పేర్ల పట్టిక మాత్రం మా దగ్గర భద్రంగా ఉంది. నాలుగు రోజులు, ఆరుగురు మనుషులు, వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళ నంబర్లు. దాన్ని పాత ట్రంకు పెట్టెలో, నాన్న ఇంటి పట్టా పక్కనే పెట్టాం.